బోయజు ఎవరిని కట్టడి చేసెను?



రామచంద్రపురమునుండియు చుట్టుపట్ల గ్రామములనుండియు మన ఆడబిడ్డలు చదువులు ముగించి, ఉద్యోగములకై హైదరాబాదునకును ముంబయికిని ఒంటరిగా పోవుచున్నారు. అట్టివారిలో ఎవరికైన కీడు కలిగెనని వినగానే మన నోట వచ్చు మొదటి మాట ఏది? “ఆడపిల్ల ఒంటరిగా ఎందుకు పోయెను?” అని. ఈ మాట దేవునియెదుట అన్యాయమని చెప్పుటకే నేను వ్రాయుచున్నాను.

2014 జనవరి జ్ఞాపకము చేసికొనుడి. మచిలీపట్నమునకు చెందిన 23 ఏండ్ల ఇంజనీరు క్రిస్మసు సెలవులకు ఇంటికి వచ్చి, తిరిగి ఉద్యోగమునకు పోవుచు, 5వ తేదీ తెల్లవారుజామున ముంబయి లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో రైలు దిగెను. బసకు చేరలేదు. 16వ తేదీన రహదారి ప్రక్క పొదలలో ఆమె దేహము దొరికెను. ఒకనికి 2015లో మరణశిక్ష పడెను. 2018లో హైకోర్టు దానిని ఖాయపరచెను. 2025 జనవరి 28న సుప్రీంకోర్టు నేరము రుజువు కాలేదని అతనిని విడిచిపెట్టెను. పదకొండేండ్లు గడచినను దోషి ఎవరో తేలలేదు. మనకో, ఆ బిడ్డమీద తీర్పు చెప్పుటకు ఒక్క పూట చాలెను!

యెరికో త్రోవలో దొంగలు కొట్టి విడిచిన బాటసారిని గూర్చి చెప్పినప్పుడు, వాడు ఒంటరిగా ఏల పోయెనని ప్రభువు అడుగలేదు. పొలములో బలాత్కారమునకు గురియైన చిన్నదానియందు పాపము లేదని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చెప్పుచున్నది. రూతు సంగతి చూడుడి. పరదేశి, విధవరాలు, పరిగె ఏరుకొనుటకు ఒంటరిగానే పోయెను. బోయజు ఆమెను ఇంట కూర్చుండుమనలేదు. ఆమె జోలికి పోరాదని తన పనివాండ్రను కట్టడి చేసెను.

మనము చేయునది దీనికి తలక్రిందులు. కూతురికి నూరు ఆంక్షలు, కొడుకునకు ఒక్కటియు లేదు. బస్టాండులో కాలేజీ పిల్లలను వెక్కిరించు కుర్రవాడే ఆదివారము మన గుడిలో పాట పాడుచున్నాడు. అడిగినచో “వయసు, పోనిండయ్యగారూ” అందుము. పట్టణపు దుర్మార్గులు ఆకాశమునుండి ఊడిపడలేదు. వారును ఏదో ఒక ఇంట, ఇట్లే “పోనిండు” అనిపించుకొని పెరిగినవారే.

“అయితే జాగ్రత్త వద్దా?” అని అడుగుదురు. కావలెను. ఆపదలో 112కు, రైలులో 139కి ఫోను చేయవలెనని బిడ్డకు నేర్పుడి. నేరము ఎక్కడ జరిగినను ఏ పోలీసు స్టేషనైనను ఫిర్యాదు వ్రాసికొని తీరవలెనని 2024 జూలై 1 నుండి అమలులోనున్న చట్టము చెప్పుచున్నది. “మా పరిధి కాదు” అన్నవారికి ఆ మాట చెప్పుడి. వేళకాని వేళ దిగు బిడ్డకు ఎదురు వచ్చుటకై ఆ పట్టణపు సంఘములోని ఒక కుటుంబమునకు ముందుగా కబురు పంపుడి. ఆ కబురు పంపు భారము కాపరులమైన మాది. జాగ్రత్త బిడ్డకు తోడు కావలెను గాని సంకెల కారాదు.

తండ్రులారా, ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు మీ కుమారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, బోయజు తన పనివాండ్రకు చెప్పినది వానికి చెప్పుడి. అటుతరువాత మీ కుమార్తె ప్రయాణము కొరకు మోకరించుడి.