"సర్వర్ బిజీ" వెనక ఏముందో మన పిల్లలు నేర్చుకోవాలి

పోస్టు కాస్త పెద్దదే. బీటెక్, డిప్లొమా, ఎంసీఏ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ముఖ్యంగా చదవాలి. మిగతావాళ్ళు కూడా వదిలెయ్యొద్దు. ఆఖరి తేదీ రోజు ఇది మనందరికీ తగిలే విషయమే.

స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాస్టల్ సీటు, కౌన్సెలింగ్ ఆప్షన్లు, ఏదైనా కానివ్వండి, ఆఖరి రోజు సాయంత్రం ఏమవుతుందో తెలిసిందే. పేజీ తిరుగుతూనే ఉంటుంది. ఓటీపీ వస్తుంది, అది ఎక్కించేలోపు "సర్వర్ బిజీ". ఇంట్లో లాప్‌టాప్, వైఫై ఉన్న పిల్లాడు అర్ధరాత్రి లేచి పని పూర్తి చేసుకుంటాడు. మామిడికుదురు, నగరం వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే కుటుంబం అమ్మాయికి ఆ వీలు లేదు. వాళ్ళ నాన్న కూలి మానుకుని నెట్ సెంటర్‌కి తీసుకొచ్చిన ఆ ఒక్క సాయంత్రమే ఆమెకున్న సమయం. కులధ్రువీకరణ పత్రం కోసం తిరిగి తిరిగి ఆఖరి రోజుదాకా వచ్చేదీ మనవాళ్ళే.

మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాం. ప్రతిసారీ సర్వర్ చిన్నదైపోయి బిజీ అవ్వదు. కోడ్ రాసిన తీరు వల్ల కూడా అవుతుంది. రేపు అలాంటి కోడ్ రాయబోయేది మనలోనే కొందరు. అందుకే డేటాబేస్ కనెక్షన్ పూలింగ్‌ని "ఉద్యోగం వచ్చాక చూద్దాంలే" అని పక్కన పెట్టొద్దు.

అసలు ఇదేంటంటే, యాప్ డేటాబేస్‌తో మాట్లాడాలంటే ముందు కనెక్షన్ తెరవాలి. రెండు వైపులా పలకరింపు, ఎన్‌క్రిప్షన్, పాస్‌వర్డ్ తనిఖీ, ఇవన్నీ జరగాలి. పోస్ట్‌గ్రెస్‌లో అయితే ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ పుడుతుంది. ప్రతి రిక్వెస్టుకీ ఇలా తెరిచి మూసేస్తుంటే సగం శక్తి అక్కడే పోతుంది. రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవుకెళ్ళి నరసాపురం దాటినవాళ్ళకి ఇది సులువుగానే అర్థమవుతుంది. ప్రయాణికుడు వచ్చినప్పుడల్లా కొత్త పంటు కట్టి, దాటాక విరగ్గొట్టరు కదా. ఉన్న పంట్లే అటూ ఇటూ తిరుగుతాయి. జనం రేవులో ఆగి, వంతు వచ్చాక ఎక్కుతారు. పూల్ కూడా అంతే. కొన్ని కనెక్షన్లు ముందే తెరిచి ఉంచుతుంది, అడిగినవాళ్ళకి ఇస్తుంది, పని అయ్యాక వెనక్కి తీసుకుంటుంది.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక్కో పనికి కనెక్షన్ 20 మిల్లీసెకన్లు కావాలనుకుందాం. ఒక కనెక్షన్ సెకనుకి 50 పనులు చేస్తుంది, 10 కనెక్షన్లు 500 చేస్తాయి. పది కనెక్షన్లతోనే సెకనుకి ఐదొందలు! అదే కోడ్‌లో కనెక్షన్ చేతిలో పట్టుకుని ఓటీపీ పంపే సర్వీసు జవాబు కోసం 2 సెకన్లు ఆగారనుకోండి. అప్పుడు అదే 10 కనెక్షన్లు సెకనుకి 5 పనులు కూడా చెయ్యలేవు. సర్వర్ మారలేదు, జనం పెరగలేదు. పంటు అవతలి ఒడ్డుకి చేరాక ఒకాయన దిగకుండా ఫోన్ మాట్లాడుతూ కూర్చుంటే, ఇవతల రేవులో ఉన్నవాళ్ళంతా నిలబడాల్సిందే. అందుకే ఓటీపీ పంపడం, ఫొటో అప్‌లోడ్, పేమెంట్ జవాబు కోసం ఆగడం, ఇవేవీ కనెక్షన్ పట్టుకుని చెయ్యకూడదు.

"అయితే కనెక్షన్లు పెంచేస్తే పోలా?" అని చాలామంది అంటారు. ఇది మేం ఒప్పుకోం. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 100 కనెక్షన్లు ఒప్పుకుంటుంది, మైఎస్‌క్యూఎల్ 151. దాన్ని 1000కి పెంచినంత మాత్రాన 4 కోర్ల మెషిన్ 40 కోర్లది అయిపోదు. ప్రాసెస్‌లన్నీ ఆ నాలుగు కోర్ల కోసమే తోసుకుంటాయి, ఒక్కో పనీ ఇంకా నెమ్మదిస్తుంది. కోర్ల సంఖ్యకి రెట్టింపు, దానిమీద డిస్కుకి ఒకటి, అంటే 4 కోర్లకి 9తో మొదలుపెట్టి పరీక్షించుకోవాలని హికారీసీపీ వాళ్ళు చెప్తారు. రేవు ఒక్కటే ఉన్నప్పుడు పంట్లు పెంచితే గోదాట్లో అవే ఒకదానికొకటి అడ్డం.

ఇంకోటి చూసుకోవాలి. యాప్ 6 కాపీలు నడుస్తూ, ఒక్కోదాని పూల్ 20 అయితే మొత్తం 120. డేటాబేస్ హద్దు 100. రద్దీ లేని రోజుల్లో ఇది బయటపడదు, ఆఖరి రోజే బయటపడుతుంది. కాపీలు ఎక్కువైతే మధ్యలో పీజీబౌన్సర్ లాంటిది పెట్టుకోవాలి.

మీరు వాడే ఫ్రేమ్‌వర్క్ ఏం చేస్తుందో కూడా తెలుసుకోండి. స్ప్రింగ్ బూట్ 2 నుంచి హికారీసీపీ దానంతటదే వస్తుంది. పూల్ 10, కనెక్షన్ కోసం ఆగేది 30 సెకన్లు. జాంగోలో ఏమీ మార్చకపోతే ప్రతి రిక్వెస్టుకీ కొత్త కనెక్షనే. పోస్ట్‌గ్రెస్‌కి పూల్ సౌకర్యం 2024లో 5.1 వెర్షన్‌తో వచ్చింది, అదీ మనం ఆన్ చేసుకుంటేనే. నోడ్‌లో పీజీ లైబ్రరీ పూల్ 10, కానీ టైమౌట్ పెట్టకపోతే అంతూపొంతూ లేకుండా ఆగుతూనే ఉంటుంది.

ఈ టైమౌట్ దగ్గరే న్యాయం సంగతి ఉంది. 30 సెకన్లు తెల్ల పేజీ చూసినవాళ్ళు రిఫ్రెష్ కొడతారు. పాత రిక్వెస్టు క్యూలో ఉండగానే కొత్తది చేరుతుంది. సిగ్నల్ సరిగా లేని ఫోన్ మధ్యలో తెగిపోతే మళ్ళీ మొదటికే. 3, 4 సెకన్లలో "రద్దీగా ఉంది, మీరు నింపింది భద్రంగా ఉంది, కాసేపాగి రండి" అని చెప్పి, నింపినంతవరకూ ముందే సేవ్ చేసి ఉంచితే ఆ అమ్మాయి సాయంత్రం వృథా కాదు. పూల్ ఒక్కటే అన్నీ సరిచేస్తుందని మేం అనం. కానీ ఉన్నదాన్ని వంతులవారీగా పంచే పద్ధతి అది.

కాబట్టి రెండు మాటలు. ఒకటి మనకి. గ్రూపులో ఎవరు ప్రాజెక్టు పెట్టినా నాలుగు ప్రశ్నలకి జవాబు రాయండి. పూల్ సైజ్ ఎంత, ఎందుకంత? అన్ని కాపీల మొత్తం డేటాబేస్ హద్దు దాటుతుందా? ఎర్రర్ వచ్చినా కనెక్షన్ వెనక్కి వెళ్తుందా? కనెక్షన్ పట్టుకుని బయటి సర్వీసు కోసం ఎక్కడైనా ఆగుతున్నారా?

రెండోది అధికారులకి. ఎంతమంది కనెక్షన్ దొరక్క వెనక్కిపోయారో పూల్ లెక్కపెట్టగలదు. ఆఖరి రోజు పోర్టల్ ఆగితే గడువు పెంచమని వినతిపత్రం ఇచ్చేటప్పుడు ఆ లెక్క బయటపెట్టమని కూడా అడుగుదాం. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఏ లెక్క అడగాలో తెలిసినవాళ్ళు మనలో ఉంటే "సర్వర్ బిజీ" అనే మాటతో మనల్ని పంపించెయ్యడం కుదరదు.

సందేహాలుంటే కింద అడగండి, తెలిసినంతవరకు చెప్తాం. జై ఆదివాసీ.