పుంజుకి బాదం పప్పు, పెట్టకి బకెట్ నీళ్లా?

మొన్న జుమ్మా నమాజ్ అయ్యాక మద్దిలపాలెంలో మా ఖాలా ఇంటికెళ్లాను. పెరట్లో ఖాలా కొడుకు అసీల్ పెట్టని బకెట్ నీళ్లలో ముంచి తీస్తున్నాడు.

"ఏం గునా చేసిందిరా అది?"

"పొదుగుకొచ్చింది భాయ్. గుడ్లు మానేసింది. ఒళ్లు చల్లబడితే మళ్లీ పెడుతుంది."

పక్కనే కాలికి తాడుతో పుంజు. దానికి బాదం పప్పు, ఉడికించిన గుడ్డు. సంక్రాంతికి మంచి బేరం వస్తుందట.

ఇదేనా మన ఇన్సాఫ్?

అసీల్ అన్నది మన ఇళ్లలో మాటే. అరబీ నుంచి ఉర్దూకి, అక్కణ్ణుంచి తెలుగు పల్లెలకీ వచ్చింది. కల్తీ లేనిది, ఖాందానీది అని అర్థం. మరి ఆ నస్ల్‌ని నిలబెట్టిందెవరు? బరిలో కత్తికి తెగిపడే పుంజా? 21 రోజులు గంపలో సబర్‌తో కూర్చుని, కాసేపు లేచి నాలుగు గింజలు తిని, పరుగున వచ్చి గుడ్లని కప్పుకునే పెట్టా?

"ఇంక్యుబేటర్ ఉంది కదా" అంటారు. మెషీన్ పిల్లని తీస్తుంది, పెంచదు. చెత్త గీరి పురుగుని చూపించదు. గద్ద నీడ పడితే రెక్కల కింద దాచదు.

"వనరాజా ఎక్కువ గుడ్లు పెడుతుంది" అంటారు. నిజమే. హైదరాబాద్ రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు పెరటి పెంపకానికే దాన్ని తయారుచేశారు. గుడ్లే కావాలంటే శుభ్రంగా పెంచుకోండి. కానీ అది మామూలుగా పొదగదు. మంద అయిపోగానే మళ్లీ పిల్లల్ని కొనాలి. అసీల్ పెట్ట గుడ్లు తక్కువే పెడుతుంది, కానీ పది గుడ్లు కింద పెడితే తన మందని తనే తయారుచేసుకుంటుంది. మీ రిజ్క్ తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?

నా ఉర్దూ బడి కితాబులు మా అమ్మీ కోడిపిల్లలు అమ్మి కొన్నది. అబ్బాని పైసా అడగలేదు. పిల్లల డబ్బు ఆడవాళ్ల కొంగున ముడిపడేది. పుంజు డబ్బు మగాళ్ల జేబులోకి పోతుంది. పెట్టని ముంచినప్పుడల్లా మునిగేది ఆ కొంగుముడే.

"మేం పందెం ఆడం, అమ్ముతామంతే" అనకండి. కత్తి కట్టేది వాళ్లయితే, కొట్లాటకి మేపేది మీరు. జంతువుల్ని ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పడం మన దీన్‌లో మనా. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం కూడా నేరమే.

ఫ్లాట్లలో ఉన్నవాళ్లం ఏం చేస్తాం అంటారా? గోదావరి మన్యంలో ఆదివాసీ ఆడవాళ్లకి వాటా పద్ధతి ఉంది. పెట్ట ఒకరిది, పెంపకం ఇంకొకరిది, పిల్లలు ఇద్దరివీ. ఊళ్లో ఉన్న ఆపాకో, ఫుప్పూకో ఒక పెట్టనివ్వండి. రాణిఖేత్ రాకుండా ఏడో రోజున లసోటా చుక్కలు మాత్రం మరవొద్దు.

మేం వాదించుకుంటుంటే ఖాలా వచ్చింది. తడిసిన పెట్టని పాత దుపట్టాతో తుడిచింది. గంపలో ఊక పోసి, పది గుడ్లు పేర్చి, దాన్ని కూర్చోబెట్టింది.

"21 రోజులు దీని జోలికి ఎవరూ రావద్దు" అంది, కొడుకు వైపు చూసి.