కొలవకుండానే పంపకాలా?

తండ్రి జనాజా లేచిన కొద్ది రోజులకే అన్నదమ్ములు పొలంలో అడుగులు వేసి వాటాలు చేసుకోవడం మన ఊళ్లలో మామూలే. అక్కచెల్లెళ్ల హక్కును నోటితో ఒప్పుకునేవారు సైతం దాన్ని నేల మీద కొలిపించరు. ఈ పద్ధతి మాకు ఎన్నడూ నచ్చలేదు. 121 గజాల పొడవున్న గట్టు ఒక్క గజం జరిగితే సరిగ్గా గుంట నేల పోయినట్లే! జానెడు భూమి కాజేయడం ఎంతటి పాపమో మిమ్బర్ మీద నుంచి వింటూనే ఉన్నాము కదా.

తెలంగాణలో 2025లో ప్రభుత్వం శిక్షణ పొందిన సర్వేయర్లకు లైసెన్సులు ఇచ్చింది. అలాంటివారినే పిలవండి. లైసెన్సు చూపించమనడానికి మొహమాటం దేనికి? సర్వే నంబరు నక్షా, టిప్పన్ ముందుంచి, పక్క పొలాలవారి ఎదుట, ఆడపడుచులను కూడా రప్పించి కొలిపించండి. హద్దురాళ్లు నాటి, పంచనామాపై అందరి సంతకాలు తీసుకున్నాకే గోడ లేపండి.