పెద్దక్షరం లేని లిపికి చిన్నచూపు

డేటాబేసు పట్టికలకు, కాలమ్‌లకు తెలుగు లిపిలో పేర్లు పెట్టడం అనర్థదాయకమని వాదించే పండితులు మనలోనే ఉన్నారు. రోమన్ లిపిలో రాసుకుంటేనే క్షేమమట! ఆ క్షేమమేపాటిదో చూద్దాం.

ఆర్టీఎస్‌లో 'త'కు చిన్న టీ, 'ట'కు పెద్ద టీ అని లేఖిని వాడినవారందరికీ తెలుసు. పోస్ట్‌గ్రెస్ ఏమో, కొటేషన్ గుర్తులు లేని పేర్లలోని పెద్దక్షరాలన్నిటినీ చిన్నవి చేస్తుంది. కరీంనగర్ జానపద గేయాలకొక పట్టిక కట్టి, అందులో ఆర్టీఎస్ పద్ధతిలో 'పాట' అని ఒక కాలమ్ పెట్టండి. అది కాస్తా 'పాత' అయి కూర్చుంటుంది. రెండూ కావాలంటే, ఆ పేరు ఇదివరకే ఉందని తిప్పికొడుతుంది.

తెలుగు లిపిలోనే రాస్తే ఈ పీడ లేదు. మన అక్షరాలకు పెద్దా చిన్నా లేవు. ఉన్న గ్రీకు, రష్యన్ అక్షరాల జోలికి కూడా యూటీఎఫ్-8లో పోస్ట్‌గ్రెస్ పోదు. వాటిలో పెద్దక్షరంతో ఒక పేరు, చిన్నక్షరంతో మరో పేరు. మడతపెట్టడమంతా ఆంగ్లాక్షరాలకే.

మనకున్న చిక్కు వేరు. పోస్ట్‌గ్రెస్‌లో పేరుకు హద్దు 63 బైట్లు. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు మూడేసి బైట్లు చొప్పున 21తో సరి. 2016లో పాత కరీంనగర్ నుండి విడివడిన జిల్లా పేరిట 'రాజన్న_సిరిసిల్ల_మండలాలు' అని పట్టిక కడితే, చివరి 'లు' తెగిపోయి 'మండలా' మిగులుతుంది. దీనికైనా ఓర్చుకోవచ్చు.

ఓర్చుకోలేనిది ఆదిలాబాద్ సంగతి. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలోని రాతప్రతుల ద్వారా వెలుగు చూసిన గోండి లిపికి 2018లో, యూనికోడ్ 11లో చోటు దక్కింది. ఆ చోటు 73056వ అంకె దగ్గర మొదలవుతుంది. మైఎస్‌క్యూఎల్ మాత్రం పేర్లకు 65535 దగ్గర గీత గీసింది. 3072 దగ్గరున్న తెలుగు లోపల, గుంజాల గోండి బయట! కొటేషన్ గుర్తులు తగిలించినా ససేమిరా అంటుంది. గోండి పదాలను పట్టికలో సమాచారంగా దాచుకోనిస్తుంది, ఆ పట్టికకే గోండి పేరు పెడతానంటే ఒప్పుకోదు. అరుగు మీద కూర్చోనిచ్చి గడప దాటనివ్వని మర్యాద ఇది.

"గోండిలో కాలమ్ పేరు ఎవరడిగారు?" అని చప్పరించేవారికి ఒక్క ప్రశ్న. నిన్నమొన్నటిదాకా తెలుగు గురించి మనతో అన్న మాట ఇదే కాదూ? తలుపు మూసి, ఎవరూ రాలేదనడం ఏ తర్కం? పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ అదే గోండి పేరును కిక్కురుమనకుండా స్వీకరిస్తున్నాయి. కనుక సాంకేతికంగా అసాధ్యమన్న సాకు కూడా చెల్లదు.