పొయ్యి మనది - పుల్ల ఎవరిది?

రోహిణి కార్తె వెళ్లిపోతోంది. రోళ్లు పగిలే ఎండలని తిట్టుకుంటూనే మన పేటల్లో ఆడవాళ్లు ఈ రోజుల కోసమే ఎదురు చూస్తారు. వానాకాలానికి కావలసిన పుల్లలు పోగుచేసుకునేది ఈ పదిహేను ఇరవై రోజుల్లోనే. ఏప్రిల్లో కట్టేసిన కాలవలకి ఇంకా నీళ్లు వదల్లేదు. చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి. ఏ గట్టు మీంచి ఏ గట్టుకైనా నడిచిపోవచ్చు. ఎండిన తుమ్మకొమ్మ వంచితే ఫెళ్లున విరుగుతుంది. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే గట్లన్నీ బురద, పుల్లలన్నీ తడి, పైగా పురుగూ పుట్రా. అందుకే తెల్లారకముందే దోటి, కత్తి, తాడు పట్టుకుని బయల్దేరతారు. తెచ్చిన మోపు చూరు కింద పేర్చుకుంటారు. చూరు నిండితే శ్రావణం దాకా ధైర్యం. నిండకపోతే తడిపుల్లల పొగలో కళ్లు కార్చుకుంటూ ఊదుగొట్టం ఊదాల్సిందే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పుడు చేలో పని లేదు. దాళ్వా కోతలు అయిపోయాయి, సార్వా ఊడుపులు ఇంకా రాలేదు. ఈ ఖాళీ రోజుల్లో టీకొట్టుకో హోటలుకో ఒక మోపు అమ్మితే ఆ పూట గింజలకి సరిపోతుంది. ఈ పత్రిక నడిపే మాలో కొందరం అలా అమ్మిన మోపు డబ్బులతో పలక కొనుక్కుని బడికి వెళ్లినవాళ్లమే. మా అమ్మల నెత్తి మీద చుట్టకుదురు ఒరిసిపోయిన చోట వెంట్రుకలు మొలవలేదు. మేం సంపాదించిన డిగ్రీ కాగితం మీద ఆ మచ్చ కనపడదు గాని, మాకు గుర్తుంది.

"ఇంకా పుల్లలేంటండీ, గ్యాసు వచ్చింది గదా" అని కొందరు పెద్దమనుషులు అడుగుతారు. వచ్చింది. కాదనం. 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో ఉజ్వల వచ్చింది. 2024లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం అంటూ దీపం-2 వచ్చింది. ఇవన్నీ మనకి కావలసినవే. కట్టెలపొయ్యిని మేం పూజించం. ఇళ్లలో పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది. ఆ పొగ ముందు కూర్చునేది ఎవరో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. దగ్గు మందు కోసం ఆసుపత్రి వరండాలో కూర్చునేది కూడా వాళ్లే.

కాని లెక్క చూడండి. సిలిండరులో ఉండేది 14.2 కిలోల గ్యాసు. అయిదారుగురు తినే ఇంట్లో మూడు సిలిండర్లతో ఏడాది గడుస్తుందా? ముందు మనం డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది అన్న పద్ధతితోనే దీపం-2 మొదలైంది. పని లేని నెలలో ఆ ముందు కట్టే డబ్బు ఎక్కడ్నించి వస్తుంది? అందుకే మన ఇళ్లల్లో గ్యాసు మీద టీ, చుట్టాలొస్తే కూర. అన్నం, గంజి, నీళ్లు కాచుకోవడం అన్నీ వాకిట్లో పుల్లల పొయ్యి మీదే. గ్యాసు పూర్తిగా ఇచ్చేదాకా పుల్ల మనకి అవసరం. పుల్ల అవసరమైనంత కాలం దాని మీద హక్కూ అవసరమే.

అసలు మనకి పుల్లలు లేకపోవడం ఏమిటి? గోదావరి డెల్టా అంటే పచ్చదనానికి పేరు. కొబ్బరితోటలు, తాటిచెట్లు, సరుగుడు తోపులు, గట్ల నిండా తుమ్మలు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. రాళ్లు మోసినవాళ్లలో, కాలవలు తవ్వినవాళ్లలో మన తాతలున్నారు. నీళ్లు పారిన భూములు మాత్రం మనకి రాలేదు. భూమి లేనివాడికి గట్టు లేదు. గట్టు లేనివాడికి చెట్టు లేదు. చెట్టు లేనివాడు పుల్ల కోసం ఇంకొకడి ముందు నిలబడాలి. ఇది దేవుడు రాసిన రాత కాదు. భూమి పంపకంలో జరిగిన అన్యాయం పొయ్యి దాకా వచ్చింది, అంతే.

వెనక కనీసం రాలిన మట్ట, విరిగిన కొమ్మ ఏరుకోనిచ్చేవారు. ఇప్పుడు అదీ తగ్గిపోయింది. చేలు తవ్వి చేపల చెరువులు, రొయ్యల చెరువులు చేశారు. తీరం వెంబడి రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా చెరువులు డెల్టా లోపలికీ పాకాయి. చెరువు గట్టు మీద చెట్టుని బతకనివ్వరు. ఆకు రాలితే నీళ్లు పాడవుతాయట. నడిచే దారికి కూడా కంచె వేస్తారు. కొబ్బరి మట్టలకీ డొక్కలకీ ధర వచ్చింది. కొన్నిచోట్ల "తోట బాగుచెయ్యి, మట్టలు పట్టుకుపో" అంటున్నారు. పని చేయించుకుని చెత్త చేతిలో పెట్టడం కూలి కాదు. దాని పేరు వెట్టి.

ఆసామి ఇంట్లో పెళ్లికి గాడిపొయ్యి తవ్వి కట్టెలు కొట్టింది మనవాళ్లు. ఆసామి పోతే కాష్టానికి కట్టెలు పేర్చింది మనవాళ్లు. వాళ్ల పెళ్లికీ చావుకీ కట్టెలు కొట్టిన చెయ్యి తన పొయ్యిలోకి నాలుగు పుల్లలు విరిస్తే దొంగతనం ఎలా అయింది? గట్టు మీద మోపు దింపించడం, కత్తి లాక్కోవడం, కులం పేరు పెట్టి తిట్టడం - ఇవి జరగని వేసవి ఉందా? ఆ అమ్మ ఇంటికొచ్చి ఎవరికీ చెప్పదు. చెబితే మగవాళ్లు గొడవకి వెళతారని భయం. ఆ భయమే వాళ్ల బలం.

పుల్లల సంగతి చిన్నది, దీనికి సంపాదకీయం ఎందుకు అనుకునే కార్యకర్తలకి ఒక మాట. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్ చెరువుకి వెళ్లింది దాహం తీర్చుకోవడానికి మాత్రమే కాదు. 1985 జూలైలో కారంచేడు మారణకాండ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవతోనే వచ్చింది. నీళ్లు, నిప్పు, శ్మశానం - కులం కాపలా కాసేది వీటి దగ్గరే. కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టారని 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. అయినా పేరు నిలిచింది. ఆ పేరున్న జిల్లాలో మన ఆడది ఉమ్మడి గట్టు మీద ఎండుపుల్ల ఏరుకోవడానికి వణకాలా?

చట్టం ఏం చెబుతోందో తెలుసుకుందాం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి ఆ సవరణ అమల్లో ఉంది. అందులో సెక్షన్ 3(1)(జడ్.ఎ) ప్రకారం ఊరి ఉమ్మడి వనరులను అందరితో సమానంగా వాడుకోకుండా ఎస్సీ, ఎస్టీలను అడ్డుకోవడం నేరం. నలుగురిలో కులం పేరుతో తిట్టడం 3(1)(ఎస్) కింద నేరం. కేసు కట్టడానికి ముందు విచారణ అక్కర్లేదని 2018 సవరణ చెప్పింది. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఉమ్మడి వనరుల సెక్షను ఆసామి సొంత తోటకి వర్తించదు. పంచాయతీ పోరంబోకు, చెరువు గట్టు లాంటి ఉమ్మడి చోట్లకే వర్తిస్తుంది. ఏది ఉమ్మడి, ఏది సొంతం అని ముందే తేల్చుకుని మాట్లాడాలి.

ఏజెన్సీలో ఆదివాసులకి 2006 అటవీ హక్కుల చట్టం తుప్పలనీ మొద్దులనీ కూడా చిన్న అటవీ ఉత్పత్తుల్లో చేర్చి హక్కు ఇచ్చింది. రంపచోడవరం కొండల్లో మన అన్నదమ్ములు పోరాడి సాధించుకున్న మాట అది. డెల్టాలో కూలివాడికి అలాంటి కాగితం ఏదీ లేదు. మనం అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు.

అందుకని ఈ పక్షం రోజుల్లో ప్రతి పేటలో చెయ్యాల్సిన పనులివి. ఊళ్లో ఉమ్మడి గట్లు, రోడ్డు పక్కలు, పోరంబోకులు ఎక్కడెక్కడ ఉన్నాయో నడిచి చూసి రాసుకోండి. సర్వే నంబర్లు అడిగి తీసుకోండి. గ్రామసభ పెట్టమని అర్జీ ఇవ్వండి. ఆ చెట్ల ఎండుకొమ్మ, రాలిన మట్ట భూమిలేని ఇళ్లకే చెందాలని తీర్మానం చేయించండి. కాలవగట్టు పంచాయతీది కాదంటే ఇరిగేషన్ ఆఫీసుకి మరో అర్జీ ఇవ్వండి. ఉపాధి పనిలో గుంతలు తీసి, నీళ్లు మోసి గట్ల మీద మొక్కలు నాటింది మన ఆడవాళ్లే. ఆ చెట్ల ఫలం మీద పట్టాలు వాళ్ల పేరునే అడగండి. గట్టుకి ఒంటరిగా వెళ్లకండి. పదిమంది కలిసి వెళ్లండి, మాల మాదిగ తేడా లేకుండా వెళ్లండి. రెండు పేటలూ ఒక గట్టు కోసం కొట్టుకుంటే మూడోవాడు ఆ గట్టుని పాట పాడుకుని పోతాడు.

మనలో మనం చెప్పుకోవాల్సినవీ ఉన్నాయి. పచ్చచెట్టు మొదలు నరకొద్దు. వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, చెట్టు నరకాలంటే అనుమతి కావాలి. అంతకన్నా ముఖ్యం, ఈ ఏడు మొదలు నరికితే వచ్చే ఏడు మన పొయ్యే ఆరిపోతుంది. జూన్‌లో బడి తెరిచాక ఆడపిల్లని మోపుకి పంపొద్దు. ఆ మోపు మోయాల్సింది అరుగు మీద పేకాడే మగవాళ్లు. ఇంకొకటి, జూలై ఆగస్టుల్లో వరద మీద దుంగలు కొట్టుకొస్తాయి. ఒక్క దుంగ దొరికితే నెల గడుస్తుందన్న ఆశతో లంకల్లో కుర్రాళ్లు ఏట్లో దూకుతారు. 1986లో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు వచ్చిన నది ఇది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఎగరేశారంటే ఎవరూ నీళ్లలోకి దిగొద్దు. దుంగ కోసం మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

అమ్మలారా, అక్కలారా! వాన రాకముందే చూరు నింపుకుందాం. తల వంచుకుని కాదు, తీర్మానం కాగితం చేతిలో పట్టుకుని. మూడు సిలిండర్లు చాలవు, ఏడాదికి సరిపడా ఇవ్వమని కూడా అడుగుదాం. మన కూతుళ్లు పొగ లేని వంటింట్లో వండుకునే రోజు రావాలి. ఆ రోజు వచ్చేదాకా ఉమ్మడి గట్టు మీద ఎండుపుల్ల ఎవరి దయా కాదు, మన హక్కు.

జై భీమ్!