రెండు రోజుల వర్క్‌షాప్, రెండు వందల సర్టిఫికెట్లు: సైకాలజీ సదస్సుల మీద ఒక ఫిర్యాదు

మీ మెయిన్స్ ప్రాక్టీసు నోట్సు ఒకసారి తిరగేయండి. విద్యార్థుల ఆత్మహత్యలు, పరీక్షల ఒత్తిడి, మానసిక ఆరోగ్యం... వీటిలో ఏ ప్రశ్న రాసినా చివరి పేరాలో ఒక వాక్యం దొరుకుతుంది: "అవగాహన సదస్సులు, వర్క్‌షాపులు విరివిగా నిర్వహించాలి." మూడు అటెంప్టుల్లో నేనూ అదే రాశాను. ఎవరూ తప్పు పట్టరు, మార్కులు తగ్గవు. అందుకే ఆ వాక్యం మనల్ని వదలదు.

ఈ వ్యాసం ఆ వాక్యానికి వ్యతిరేకం. నా ఆప్షనల్ సైకాలజీ, నా ఎం.ఎ. కూడా అందులోనే. సైకాలజీ విద్యార్థుల కోసం జరిగే సదస్సులు, వర్క్‌షాపులు చాలావరకు చదువు పని మానేసి సర్టిఫికెట్ల పనిలో పడ్డాయని నా వాదన. దీని నష్టం విద్యార్థి జేబుతో ఆగదు. రేపు ఆ సర్టిఫికెట్ నమ్మి ఎదురుగా కూర్చునే పదిహేనేళ్ల పిల్లవాడి దాకా వెళ్తుంది.

నా పత్రం, నాలుగు నిమిషాలు

ముందు నా తప్పు చెప్పుకుంటాను. ఎం.ఎ. రెండో ఏడాది ఒక జాతీయ సదస్సుకు వెళ్లాను. ఫీజు కట్టి, రాత్రి బస్సెక్కి, పొద్దున్నే దిగాను. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, అతిథుల ప్రసంగాలు అయ్యేసరికి భోజనాల వేళయింది. మధ్యాహ్నం ఒకేసారి నాలుగు గదుల్లో పత్ర సమర్పణలు. మా గదిలో రెండు గంటల్లో పందొమ్మిది పత్రాలు. "నాలుగు నిమిషాల్లో ముగించండమ్మా" అన్నారు అధ్యక్షత వహించిన మేడమ్. ముగించాను.

నా అంశం హాస్టల్ విద్యార్థుల్లో పరీక్షల ఆందోళన. అరవై మందికి ఒక ప్రశ్నావళి ఇచ్చాను. అది ఇంగ్లీషులో తయారైన కొలమానం. నింపినవాళ్లలో ఎక్కువమంది పదో తరగతి దాకా తెలుగు మీడియం. నింపుతున్నప్పుడు సగం మంది దగ్గరికొచ్చి "అక్కా, ఈ మాటకి అర్థమేంటి?" అని అడిగారు. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పాను. అంటే నేను కొలిచింది వాళ్ల ఆందోళనను కాదు, వాళ్ల ఇంగ్లీషును, నా అప్పటికప్పుడు అనువాదాన్ని. ఈ సంగతి నాకు తెలుసు. ఆ గదిలో ఒక్కరైనా "ప్రశ్నలు వాళ్లకు అర్థమయ్యాయా?" అని అడిగి ఉంటే నా పత్రం అక్కడే కూలిపోయేది. కూలిపోవాల్సిందే. ఎవరూ అడగలేదు. సాయంత్రం సర్టిఫికెట్ ఇచ్చారు. దాని మీద నా పేరు బంగారు అక్షరాల్లో ఉంది.

సదస్సు అంటే తప్పు బయటపడే చోటు కావాలి. నేను వెళ్లిన చోట తప్పుకు లామినేషన్ చేసి ఇచ్చారు.

ఇలా ఎందుకైంది?

దీన్ని నిర్వాహకుల దురాశ అని కొట్టిపారేస్తే విశ్లేషణ కాదు. నిబంధనలు చూడండి. యూజీసీ 2010 నిబంధనల్లో అధ్యాపకుల పదోన్నతికి ఏపీఐ పాయింట్ల లెక్క వచ్చింది. సదస్సులో పత్రం చదివితే పాయింట్లు. 2016 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు ఒక జర్నల్ వ్యాసం, సదస్సుల్లో రెండు పత్ర సమర్పణలు తప్పనిసరి. ఉద్దేశం మంచిదే. కానీ లెక్కపెట్టేది సంఖ్యను, నాణ్యతను కాదు. మన ఆప్షనల్‌లో ప్రబలనం గురించి చదువుతాం కదా, ఏ ప్రవర్తనకు బహుమతి దొరికితే ఆ ప్రవర్తనే పెరుగుతుందని? బహుమతి హాజరుకు దొరికింది, హాజరే పెరిగింది.

2022 పీహెచ్‌డీ నిబంధనల్లో ఆ తప్పనిసరి షరతు తీసేశారు. నిబంధన పోయింది, అలవాటు పోలేదు. "సీవీలో ఉంటే మంచిది" అనే మాట ఇప్పుడు డిగ్రీ మొదటి ఏడాది పిల్లల దాకా దిగింది.

అసలు ప్రమాదం వర్క్‌షాపులది

పనికిరాని సదస్సు డబ్బు, సమయం తింటుంది. పనికిరాని వర్క్‌షాప్ అంతకంటే ప్రమాదం. "రెండు రోజుల్లో సీబీటీ", "వారాంతపు ట్రామా థెరపీ సర్టిఫికేషన్" వంటి ప్రకటనలు మీ ఫోన్‌కూ వచ్చే ఉంటాయి. శనివారం స్లైడ్లు, ఆదివారం ఒక రోల్ ప్లే, సోమవారం సోషల్ మీడియా ప్రొఫైల్‌లో "థెరపిస్ట్".

దీని పక్కన చట్టాన్ని పెట్టి చూడండి. భారత పునరావాస మండలి చట్టం 1992లో వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఆ మండలి గుర్తించిన అర్హత, రిజిస్టరులో పేరు ఉండాలి. ఆ దారిలో బాగా తెలిసిన ఎం.ఫిల్. కోర్సు రెండేళ్ల పూర్తికాల శిక్షణ. ఆ రెండేళ్లూ విద్యార్థి అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూస్తాడు, కేసు రాస్తాడు, దిద్దించుకుంటాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టును అర్హతతోనే నిర్వచించింది. కానీ "కౌన్సెలర్", "థెరపిస్ట్" అనే మాటలను ఎవరు పడితే వాళ్లు బోర్డు మీద రాసుకుంటున్నారు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం సైకాలజిస్టులను తన జాబితాలో చేర్చింది. ఆ జాబితా వీధి బోర్డుల దాకా ఇంకా రాలేదు.

ఈత గురించి రెండు రోజులు ఉపన్యాసం విన్నవాడు మునిగేవాణ్ని కాపాడగలనని చెరువులో దూకితే ఏమవుతుంది? ఇద్దరూ మునుగుతారు. ఆత్మహత్య ఆలోచనలున్న విద్యార్థి ముందు అలా దూకే హక్కు ఎవరికీ లేదు.

ఇది మీ సమస్య ఎలా అవుతుంది?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇచ్చింది. మానసిక ఆరోగ్యాన్ని 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా చూసి, దేశమంతటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద, అంతకంటే ఎక్కువమంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించుకోవాలి. కోచింగ్ కేంద్రాలను గమనించడానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ ఉండాలి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. "అర్హత గల" అనే ఆ రెండు మాటలను రేపు జిల్లాలో ఎవరు తేలుస్తారు? ఏదో ఒక రోజు ఆ కమిటీ కుర్చీలో మీరుంటారు. కోచింగ్ యజమాని ఒక ఫైలు తెచ్చి పెడతాడు. అందులో పదకొండు వర్క్‌షాప్ సర్టిఫికెట్లుంటాయి. ఒక్క గంట పర్యవేక్షిత శిక్షణ కూడా ఉండదు. సంతకం పెడతారా? "వర్క్‌షాపులు విరివిగా నిర్వహించాలి" అని ఇన్నేళ్లు రాసిన చెయ్యి ఆ రోజు కూడా రాసేస్తుందని నా భయం.

ఎదుటి వాదన వినాలి

"చిన్న పట్టణం విద్యార్థికి పెద్ద ప్రొఫెసర్‌ను చూసే అవకాశం సదస్సులోనే కదా?" నిజమే. నేనూ అలా వెళ్లినదాన్నే. టీ విరామంలో ఒక పరిశోధకురాలు పది నిమిషాలు మాట్లాడి నా ప్రశ్నావళి గురించి అడిగారు. ఆ రెండు రోజుల్లో నేను నేర్చుకున్నది ఆ పది నిమిషాలే. అవి కార్యక్రమ పత్రంలో లేవు. నేను అడుగుతున్నది అదే: ఆ పది నిమిషాలను కార్యక్రమంగా చేయండి, శాలువాలను టీ విరామానికి మార్చండి.

"నిపుణుల కొరత ఇంతుంటే చిన్న శిక్షణైనా మేలు కాదా?" ఇది ఇంకా బలమైన వాదన. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. చాలా రుగ్మతల్లో చికిత్స అందనివారు 70 శాతానికి పైనే. కాబట్టి చిన్న శిక్షణలు కావాలి, కానీ చిన్న పనికే. అదే తీర్పు బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వమంది: మానసిక ప్రథమ చికిత్స, ప్రమాద సంకేతాలు గుర్తించడం, సరైన చోటికి పంపడం. రెండు రోజుల్లో వార్డెన్‌కు ఇవి నేర్పవచ్చు, టెలిమానస్ నంబరు 14416 గోడ మీద రాయించవచ్చు. గుర్తించడం, పంపించడం వర్క్‌షాప్ పని. చికిత్స దాని పని కాదు. ఈ గీత చెరిపేసిన చోటే మోసం మొదలవుతుంది.

మంచి సదస్సు ఏం చేస్తుంది?

2015లో అంతర్జాతీయ పరిశోధకుల బృందం ఒకటి వంద సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూసింది. 36 శాతం పునఃప్రయోగాల్లో మాత్రమే గణాంకపరంగా చెప్పుకోదగ్గ ఫలితం వచ్చింది. విద్యార్థి సదస్సుకు ఇంతకంటే మంచి పని ఏముంది? పాఠ్యపుస్తకంలోని ఒక ప్రయోగాన్ని అనంతపురంలోనో ఆదిలాబాద్‌లోనో మళ్లీ చేయండి. ఫలితం రాకపోతే "రాలేదు" అని చెప్పండి. ఆ మాటకు చప్పట్లు కొట్టే సభ కావాలి.

రెండోది భాష. వి.వి. కామత్ బినే ప్రజ్ఞా పరీక్షను మరాఠీ, కన్నడ పిల్లలకు తగ్గట్టు మలిచారు. స్వాతంత్ర్యానికి ముందే జరిగిన పని అది. భారతీయ సమాజానికి తగిన సైకాలజీ కావాలని దుర్గానంద్ సిన్హా జీవితమంతా వాదించారు. మన దగ్గరికొద్దాం. దిగులు, బెంగ, గుబులు, బెదురు: ఈ నాలుగూ ఒకటి కాదని మీ అమ్మమ్మకు తెలుసు. బెంగ దూరమైన మనిషి కోసం, గుబులు రాబోయేదాని గురించి. ఇంగ్లీషు కొలమానాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు ఏ ప్రశ్నకు ఏ మాట వాడాలి? ఈ ఒక్క ప్రశ్న మీద రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టండి, నేను మళ్లీ రాత్రి బస్సెక్కుతాను. ఇంకో మాట: ఆ జాతీయ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. మన సదస్సుల్లో దీని గురించి ఎవరైనా గొంతెత్తడం నేను వినలేదు.

ఇక మీరు చేయాల్సింది

సైకాలజీ చదువుతున్నవారైతే ఫీజు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. నా పత్రాన్ని ముందే చదివి తిప్పిపంపే అధికారం ఎవరికైనా ఉందా? ప్రశ్నలకు ఎంత సమయం? వర్క్‌షాప్ అయ్యాక నా పనిని ఎవరు పర్యవేక్షిస్తారు? ఈ సర్టిఫికెట్‌తో నేను ఏం చేయకూడదో దాని మీద రాస్తారా? నాలుగో ప్రశ్నకు నిర్వాహకులు చిరాకు పడితే ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కోండి.

సివిల్స్‌కు చదువుతున్నవారైతే ఆ చివరి వాక్యాన్ని కొట్టేసి ఇలా రాయండి: "సిబ్బందికి గుర్తింపు, రిఫరల్ శిక్షణ; చికిత్సకు రిజిస్టరైన నిపుణులు; నియామకాల్లో సర్టిఫికెట్ల సంఖ్య కాకుండా పర్యవేక్షిత శిక్షణ గంటలే ప్రమాణం." ఒక లైను ఎక్కువవుతుంది, పర్వాలేదు.

నా సర్టిఫికెట్ ఇప్పటికీ ఫైల్లో ఉంది. ఆ అరవై ప్రశ్నావళులు కూడా ఉన్నాయి. ఒకదాని అంచున పెన్సిల్‌తో ఎవరో రాసిన మాట: "అక్కా, అర్థం కాలేదు, ఊరికే టిక్ పెట్టాను." నా పరిశోధనలో దొరికిన అసలైన డేటా అదొక్కటే. దాన్ని నేను నా పత్రంలో చేర్చలేదు.

*ఈ వారం సాధన ప్రశ్న: "నైపుణ్యానికి కొలమానంగా ధ్రువపత్రాన్ని అంగీకరించే పాలనా వ్యవస్థ బలహీనులకే ఎక్కువ నష్టం చేస్తుంది." మానసిక ఆరోగ్య రంగం ఆధారంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)*