మూలికల పేర మొండితనము

"పసుపు, వేప, వెల్లుల్లి మన ఇంట ఉండగా యాంటీబయాటిక్ మందులు ఎందుకు?" అని దేవాలయ ప్రాంగణములో చెప్పుకొనువారు ఇటీవల పెరిగినారు. పెద్దల మీది అభిమానముతోనే వారు ఈ మాట అనుచున్నారు. అయినను దీనివలన పెద్దలకు గౌరవము కలుగదని మేము గట్టిగా చెప్పదలచినాము.

మూలికలలో బలము లేదని మేము అనము. వెల్లుల్లిని దంచినప్పుడు అందులోని అల్లీన్ అను పదార్థము ఒక ఎంజైము వలన అల్లిసిన్‌గా మారును. 1944లో అమెరికా శాస్త్రవేత్తలు దానిని వేరుచేసి, అది బాక్టీరియాను అణచునని చూపినారు. రెబ్బను దంచకుండ ఉడికించినచో ఆ ఎంజైము చెడిపోవును. పచ్చిగానే నూరిన అవ్వ చేతిలో శాస్త్రమున్నది. మానుపసుపులోని బెర్బెరిన్‌కు కూడ బాక్టీరియాను అణచు గుణము కలదు.

కాని పరీక్షపాత్రలో బాక్టీరియా చచ్చుట వేరు, రోగి బ్రతుకుట వేరు. పసుపులోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు. మ్రింగినను రక్తములో చేరునది బహుస్వల్పము. అల్లిసిన్ నిలకడ లేనిది, త్వరగా విరిగిపోవును. పాత్రలో పనిచేసిన మోతాదు పుండు అడుగునకు చేరునని ఎవరు చెప్పగలరు?

1860లో ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బను చేరినది మొదలు, ఒప్పందపు కూలీలుగా వచ్చిన మన పూర్వులు చెరకుతోటలలో శ్రమించినారు. తెగిన కాలికి పసుపు అద్దుట, వైద్యము అందని వేళ చేతనున్నదానితో వారు చేసిన పని. నేడు వైద్యశాల అందుబాటులో ఉండగా, మధుమేహముతో నల్లబడుచున్న కాలిపుండుకు పసుపు కట్టి వారముల తరబడి ఇంట ఉంచుట వారి బాట కాదు. వారికి లేనిదానిని మనము కాలదన్నుట అగును.

చైనాలో తు యూయూ ప్రాచీన వైద్యగ్రంథము చదివి, అందులోని మొక్కను పరీక్షించి, మలేరియాకు ఆర్టెమిసినిన్ అను మందును లోకమునకు ఇచ్చినారు. 2015లో నోబెల్ బహుమతి పొందినారు. గ్రంథమును పూజించి ఊరకుండిన ఆ మందు పుట్టెడిదా?

కావున మన అవ్వల చిట్కాలను వ్రాసి ఉంచుదము: ఏ మొక్క, ఏ భాగము, ఎట్లు నూరవలెను. పరీక్షింపగలవారి చేత పెట్టుదము. పుండు ఎర్రబడి వ్యాపించినను, జ్వరము వచ్చినను ఆ దినమే వైద్యుని కడకు పోవుదము. పసుపు గడపకు శుభము. చీము పట్టిన కాలికి అది చాలదు.